1996 అమలాపురం కథలో తుపాను ఏది? ‘ది వండర్ ఇయర్స్’ గురించి అడిగినవారికి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 1996లో అమలాపురంలో ఉన్న ఒక మధ్యతరగతి కుటుంబం మీద ఎనిమిది ఎపిసోడ్ల కామెడీ రాశారు. పన్నెండేళ్ల కుర్రాడు, ఇంటర్ చదివే అక్క, సహకార సంఘంలో గుమాస్తాగా చేసే నాన్న, అమ్మ, నాయనమ్మ. చదివినవాళ్లంతా ‘మా చిన్నతనం గుర్తొచ్చింది’ అంటున్నారు గానీ రెండో ఎపిసోడ్ పంపమని ఎవరూ అడగడం లేదు. ‘ది వండర్ ఇయర్స్’ అనే పాత అమెరికన్ టీవీ సిరీస్‌ను జనం ఇంకా ఎందుకు తలుచుకుంటున్నారు? అందులో ఉండి మీ కథలో లేనిదేమిటి? వాయిస్ ఓవర్, అంటే తెర వెనక నుంచి కథ చెప్పే గొంతు, పెట్టాలా? ఆనాటి సినిమా పాటలు వాడుకోవచ్చా? ఈటీవీ విన్‌లో ఇలాంటిది ఒకటి వచ్చేశాక ఇంకొకటి ఎవరు చూస్తారు?

నేను ఇరవై రెండేళ్లుగా టీవీ సీరియళ్లకు, ఈమధ్య వెబ్ సిరీస్‌లకు స్క్రీన్‌ప్లే, మాటలు రాస్తున్నాను. ‘వండర్ ఇయర్స్’ను మొదట కేబుల్ టీవీలో, ఇంగ్లీషు సగం సగం అర్థమయ్యే వయసులో చూశాను. ఈ పనిలోకి వచ్చాక 115 ఎపిసోడ్లూ పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని మళ్లీ చూశాను. మీరు పంపిన మొదటి ఎపిసోడ్ స్క్రిప్టు, మిగతా ఏడింటి వన్‌లైన్ (క్లుప్తంగా రాసిన కథ) రెండుసార్లు చదివాను. మీ చేతిలో మాట ఉంది. నాయనమ్మ పాత్ర మాట్లాడిన ప్రతిచోటా నవ్వొచ్చింది. అందుకే దాచుకోకుండా చెబుతున్నాను.

ముందు ఆ సిరీస్ గురించి నాలుగు మాటలు. అమెరికాలో ఏబీసీ ఛానెల్ 1988 జనవరి 31న, సూపర్ బౌల్ ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోయిన వెంటనే దాని మొదటి ఎపిసోడ్ వేసింది. సృష్టించింది నీల్ మార్లెన్స్, కరోల్ బ్లాక్ అనే భార్యాభర్తలు. కథ 1968లో మొదలవుతుంది. బయట ఒక ఏడాది గడిస్తే కథలోనూ ఒక ఏడాది గడుస్తుంది కాబట్టి ఆ ఇరవై ఏళ్ల దూరం చివరిదాకా తగ్గదు, పెరగదు. 1993 మేలో ఆపేసేనాటికి కథ 1973కి చేరింది. మొదటి సీజన్లో ఉన్నవి ఆరు ఎపిసోడ్లే, వాటికే ఉత్తమ కామెడీ సిరీస్‌గా ఎమ్మీ అవార్డు వచ్చింది. అప్పటి అమెరికా కామెడీల్లో ప్రతి జోకు వెనకా జనం నవ్వులు వినిపించేవి. ఇందులో ఆ నవ్వులు పెట్టలేదు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆగాలో చూసేవాళ్లకే వదిలేశారు. అందువల్లే నవ్వుతున్న సీన్లోనే గొంతులో ఏదో అడ్డుపడే వీలు దొరికింది.

మొదటి ఎపిసోడ్ ఎలా కట్టారో చూడండి. కెవిన్ అనే పన్నెండేళ్ల కుర్రాడు కొత్త స్కూల్లో చేరతాడు. ఆ వేసవిలోనే రాబర్ట్ కెనెడీ హత్య జరిగింది కాబట్టి స్కూలుకు ఆయన పేరు పెట్టేశారు. మొదటిరోజే భోజనాల హాల్లో గొడవచేసి దొరికిపోతాడు, అమ్మానాన్నల్ని పిలిపిస్తారు. ఇంటికెళ్లాక నాన్న చేతిలో దెబ్బలు తప్పవని వాడికి తెలుసు. మనకీ తెలుసు, అదంతా నవ్వుకుంటూనే చూస్తుంటాం. ఇంటికి చేరేసరికి కబురు వస్తుంది, వాళ్ల వీధిలోనే ఉండే విన్నీ అనే అమ్మాయి వాళ్ల అన్నయ్య బ్రయన్ వియత్నాంలో చనిపోయాడని. కెవిన్‌కి ఆ అబ్బాయంటే హీరో. నాన్న కొట్టడు. కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ సాయంత్రం కెవిన్ అడవిలో ఒంటరిగా కూర్చున్న విన్నీ దగ్గరికి వెళతాడు. అరగంట కూడా లేని ఎపిసోడ్లో ఇదంతా ఉంది.

ఆ ఎపిసోడ్లోనూ పాత కార్లు, పాత టీవీ, పాత బట్టలు అన్నీ ఉన్నాయి. ఒక్కదాన్ని కూడా కెమెరా ఆగి చూపించదు. మీ మొదటి ఎపిసోడ్లో మొదటి ఏడు పేజీలు క్యాసెట్‌ని పెన్సిల్‌తో చుట్టడం, యాంటెన్నా తిప్పడం, ఐదు పైసల చాక్లెట్, చిత్రలహరి కోసం పరిగెత్తడం. ఇవి చదివి ‘నాకూ గుర్తుంది’ అనుకుంటాం. అంతటితో ఆ పని పూర్తయిపోతుంది. గుర్తుకు రావడం ఒక క్షణం సంగతి. తర్వాతి పేజీ తిప్పాలంటే అక్కడ ఎవరికో ఏదో కావాలి, అది దొరకకుండా ఏదో అడ్డుపడాలి.

ఇన్నేళ్ల పనిలో నాకు అర్థమైంది ఒకటుంది. ఇలాంటి కథల్లో నాన్నని రెండు ఎత్తుల నుంచి చూపించాలి. ఒకటి పన్నెండేళ్ల కుర్రాడి కళ్ల ఎత్తు. రెండోది, ఇప్పుడు కథ చెబుతున్నవాడు తాను కూడా ఆ నాన్న వయసుకు వచ్చి చూసే ఎత్తు. ఒకే సీను, ఒకే మాట, రెండు ఎత్తుల నుంచి రెండు రకాలుగా కనిపించాలి. నవ్వు మొదటి ఎత్తు నుంచి వస్తుంది. రెండో ఎత్తు లేకపోతే ఆ నవ్వు పది నిమిషాల్లో ఆవిరైపోతుంది.

‘వండర్ ఇయర్స్’ మొదటి సీజన్లోనే దీనికి మంచి పాఠం ఉంది. ‘మై ఫాదర్స్ ఆఫీస్’ అని ఒక ఎపిసోడ్. నాన్న జాక్ ఆర్నల్డ్, ఆ పాత్ర వేసింది డాన్ లారియా, రోజూ సాయంత్రం చిరాకుగా ఇంటికొస్తాడు. పిల్లలు ఆయన ముఖం చూసి ఆ రాత్రి ఇల్లు ఎలా ఉంటుందో అంచనా వేసుకుంటారు. అది హాస్యంగానే తీశారు. కెవిన్ ఒకరోజు ఆయనతో పాటు ఆఫీసుకు వెళతాడు. అక్కడ నాన్న పెద్ద ఆఫీసర్‌లా కనిపిస్తాడు, అందరూ ఆయన్ని ఏదో ఒకటి అడుగుతుంటారు, కెవిన్ పొంగిపోతాడు. కాసేపటికి పై అధికారి వచ్చి కెవిన్ ముందే ఆయన మీద అరుస్తాడు. అంతకుముందు నాన్న ఒక మాట చెప్పి ఉంటాడు, చిన్నప్పుడు ఓడకు కెప్టెన్ కావాలనీ, చుక్కల్ని చూసి దారి కనుక్కుంటూ సముద్రం మీద తిరగాలనీ కోరిక ఉండేదని. ఆ రాత్రి పెరట్లో నాన్న టెలిస్కోపు పెట్టుకుని ఆకాశం చూస్తుంటాడు. కెవిన్ వెళ్లి పక్కన నిలబడతాడు. ఆ టెలిస్కోపు మనకు కొత్త కాదు. ఎపిసోడ్ మొదట్లో అది ఒక చిరాకు మనిషి అలవాటు, అంతే. చివరికి వచ్చేసరికి అదే టెలిస్కోపు వైపు మనం చూడలేం.

నా ఇంట్లో జరిగింది ఒకటి చెబుతాను, ఎందుకంటే ఈ రెండు ఎత్తుల సంగతి నాకు పుస్తకంలో దొరకలేదు. మాది గుంటూరు. నేను ఇంటర్లో ఉండగా మా నాన్నగారు మిర్చి సీజన్ మూడు నాలుగు నెలలూ ఆఫీసు నుంచి నేరుగా ఎటో వెళ్లి రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చేవారు. గుమ్మంలో అడుగుపెట్టగానే తుమ్ములు మొదలు. కళ్లు ఎర్రగా, ముక్కు కారుతూ, ఒకటి వెంట ఒకటి. నేనూ మా చెల్లీ తలుపు వెనక నిలబడి లెక్కపెట్టేవాళ్లం. సరిసంఖ్యలో ఆగితే చెల్లి గెలిచినట్టు, బేసిలో ఆగితే నేను. పదిహేడు దాకా వెళ్లిన రోజు ఒకటుంది, ఆ రోజు నవ్వాపుకోలేక మంచం కింద దూరాం. ఆయనకు ఏదో పడదనుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో, ఒకాయన నన్ను పరిచయం చేసుకుని, ‘మీ నాన్నగారు మా కమీషన్ కొట్లో సాయంత్రాలు పద్దులు రాసేవారు బాబూ, నీ కోచింగ్ ఫీజు కోసమని’ అన్నారు. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. మా అబ్బాయి కోచింగ్‌లో ఉన్నాడు.

తుమ్ములు అవే. మేము నవ్విన నవ్వు కూడా నిజమే, దాన్ని కథలోంచి తీసేయకూడదు. ఆ నవ్వుని పూర్తిగా నవ్వించి, ఆ తర్వాత పెళ్లి పందిట్లో ఆ ఒక్క మాట వినిపించాలి. మీ కథలో మీ నాన్న పాత్ర మొదటి ఎపిసోడ్ నుంచి ఎనిమిదో ఎపిసోడ్ దాకా ఒకేలా ఉంది. కోపం, పిసినారితనం, రేడియోలో వార్తలు. కుర్రాడు చూసినది మాత్రమే ఉంది. ఆయన ఏడు గంటల తర్వాత ఎక్కడికి వెళతాడు? ఆయనకు ఏం కావాలని ఉండేది? మీరు రాసుకోండి, తెర మీద చూపించకపోయినా ఫర్వాలేదు.

వాయిస్ ఓవర్ సంగతి ఇక్కడే తేలుతుంది. పెట్టండి, కానీ దానికి పని అప్పజెప్పండి. ‘వండర్ ఇయర్స్’లో పెద్దవాడైన కెవిన్ గొంతు డేనియల్ స్టెర్న్‌ది. ఆ గొంతు చేసే పని ప్రధానంగా ఒకటే. కుర్రాడి మనసులో ఉన్న పెద్ద ప్రసంగాన్ని ఆ గొంతు చక్కటి వాక్యాల్లో చెబుతుంది, వెంటనే కుర్రాడు నోరు తెరిచి రెండు ముక్కలు నసుగుతాడు. ఆ తేడాలో నవ్వు పుడుతుంది. మనం చూస్తున్నదాన్నే ఆ గొంతు మళ్లీ చెప్పడం చాలా అరుదు. మీ స్క్రిప్టులో వాయిస్ ఓవర్ ‘ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు’ అంటుంది. తెర మీద ఎస్టీడీ బూత్ ముందు వరుస కనిపిస్తున్నప్పుడు ఆ మాట ఎందుకు? ‘ఆ రోజుల్లో’ అనే మాటనే మొత్తం ఎనిమిది ఎపిసోడ్ల నుంచి కొట్టేయండి. ఎన్ని సీన్లు నిలబడతాయో, ఎన్ని కూలిపోతాయో మీకే తెలుస్తుంది. షూటింగ్ అప్పుడు ఆ వాక్యాల్ని ఒక అసిస్టెంట్ చేత గట్టిగా చదివించండి. లేకపోతే కుర్రాడు నటించే వేగానికీ తర్వాత డబ్బింగ్‌లో పడే మాటకూ పొంతన కుదరదు. ఈ తప్పు వల్ల ఎడిటింగ్ గదిలో పాడైపోయిన మంచి సీన్లు నేను చూశాను.

వస్తువులు అసలు వద్దని నేను అనడం లేదు. వస్తువు వస్తే దాని ధర కూడా రావాలి. 2005 నుంచి 2009 వరకు నడిచిన ‘ఎవ్రీబడీ హేట్స్ క్రిస్’ చూడండి. క్రిస్ రాక్ తన చిన్నతనాన్ని ఆధారం చేసుకుని తయారుచేసిన సిరీస్, బ్రూక్లిన్‌లో 1980ల కథ, గొంతు కూడా ఆయనదే. అందులో రెండు ఉద్యోగాలు చేసే నాన్న జూలియస్, ఆ పాత్ర టెర్రీ క్రూస్ చేశాడు, పాలు ఒలికితే ఎన్ని సెంట్ల పాలు నేలపాలయ్యాయో అక్కడికక్కడే చెబుతాడు. ఆ ఒక్క అలవాటుతో ఆ ఇంట్లో ప్రతి వస్తువుకీ ప్రాణం వచ్చేసింది. లైటు వెలిగినా, బియ్యం మిగిలినా అదొక సీను. మీ క్యాసెట్‌నే తీసుకోండి. అది ఎవరిది? అక్క ఫ్రెండ్ దగ్గర ఒక్కరోజుకని అరువు తెచ్చుకున్నది అయితే, కుర్రాడు దాని మీద క్రికెట్ కామెంటరీ రికార్డు చేసేసి ఉంటే, అప్పుడు పెన్సిల్ పెట్టి తిప్పుతున్న వాడి చేతులు వణుకుతాయి. వస్తువు అదే, పెన్సిల్ అదే. ఇప్పుడు మనం వాడితో ఉన్నాం.

క్రికెట్ అన్నాను కాబట్టి, 1996 మార్చి 13 మీకు బంగారం లాంటి తేదీ. కోల్‌కతాలో శ్రీలంకతో ప్రపంచ కప్ సెమీఫైనల్. వరసగా వికెట్లు పడి, జనం సీసాలు విసిరి, ఆట ఆగిపోయి, శ్రీలంక గెలిచినట్టు ప్రకటించిన రాత్రి. వినోద్ కాంబ్లీ ఏడుస్తూ వెళ్లిపోయాడు. మార్చి అంటే మీ అక్క పాత్రకి ఇంటర్ పరీక్షలు. ఒకటే టీవీ, ఒకటే గది. మీరు ఆ మ్యాచ్‌ని ఒక డైలాగులో తేల్చేశారు. నేనైతే మొదట్లోనే ఒక ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క రాత్రికి ఇస్తాను. మ్యాచ్ విజువల్స్ కూడా కొనక్కర్లేదు. టీవీ వెనక కెమెరా పెట్టి, చూస్తున్న ముఖాల్ని తీయండి.

ఇక మీరు ఎంచుకున్న ఏడాది, ఎంచుకున్న ఊరు. ‘వండర్ ఇయర్స్’లో ఊరి పేరుగానీ రాష్ట్రం పేరుగానీ ఎక్కడా చెప్పరు. అమెరికాలో ఏ కాలనీలో పెరిగినవాళ్లకైనా తమ ఊరే అనిపించాలని అలా చేశారు. పదేళ్లు నడిచిన ‘ది గోల్డ్‌బర్గ్స్’ అనే అమెరికన్ కామెడీ అయితే ఏ ఏడాదో కూడా తేల్చదు, ‘పంతొమ్మిది వందల ఎనభై ఏదో ఏడు’ అనేస్తుంది. ఆ దశాబ్దం మొత్తాన్ని కలిపి వండుకునే వీలు దానికి అలా వచ్చింది. మనకు ఇవి రెండూ కుదరవు. తెలుగులో పాత్ర నోరు విప్పగానే జిల్లా తెలిసిపోతుంది. మీది కోనసీమ. కానీ మీ పాత్రలన్నీ సీరియల్ తెలుగు మాట్లాడుతున్నాయి. ఒక్క నాయనమ్మ తప్ప ఎవరి నోటా ‘ఆయ్’ అనే మాట లేదు. ఆ ఒక్క ‘ఆయ్’లో ఒప్పుకోలు, మర్యాద, కొన్నిసార్లు వెటకారం, అన్నీ పలుకుతాయి. దాన్ని వదులుకోకండి. సంవత్సరం కూడా మనకు గట్టిగా ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994కీ 1998కీ మధ్య ఇంట్లో, వీధిలో వచ్చిన మార్పు అంతా ఇంతా కాదు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. అదే ఏడాది జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం, అది 1997 దాకా ఉంది. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయారు. వీటిలో ఏదీ మీ కథలోకి రాలేదు.

చరిత్రని పాఠంలా చెప్పమనడం లేదు. అది వంటింటి గుమ్మంలోంచి రావాలి. మన టీవీలో ఇలాంటి కథకు తొలి మంచి ఉదాహరణ శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’, దూరదర్శన్‌లో 1980లలో వచ్చింది. దానికి ఆధారమైన ఆర్.కె. నారాయణ్ స్వామి కథలో, విదేశీ బట్టల్ని తగలబెట్టే గుంపులో ఎవరో నీ టోపీ విదేశీది అనగానే స్వామి దాన్ని మంటలో పడేస్తాడు. తర్వాత తెలుస్తుంది అది అసలైన ఖద్దరు టోపీ అని. స్వాతంత్ర్య పోరాటం మొత్తం ఒక పిల్లవాడి టోపీలో, నాన్నకు ఏం చెప్పాలన్న భయంలో ఇమిడిపోయింది.

మద్యనిషేధం మీ కథకు అలాంటి టోపీ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడటంతో మొదలైన పోరాటం అది. వంటింట్లోంచి పుట్టిన చరిత్ర. అమలాపురం వాళ్లకి ఇంకో ముడి కూడా ఉంది, యానాం. గోదావరికి అవతల ఉన్న యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, అక్కడ నిషేధం లేదు. ఎదుర్లంక దగ్గర వంతెన అప్పటికింకా లేదు, పంటు మీద దాటాలి. మీ రెండో ఎపిసోడ్లో బాబాయి పాత్ర ఊరికే వచ్చి నాలుగు జోకులు వేసి వెళ్లిపోతున్నాడు. ఆయన కుర్రాణ్ణి ‘యానాం చూపిస్తా, రారా’ అని పంటు ఎక్కిస్తే? వాడికి అది జీవితంలో మొదటి ప్రయాణం. గాలి, నీళ్లు, బాబాయి కొనిపెట్టిన గోళీసోడా. తిరిగొచ్చేటప్పుడు వాడి స్కూలు బ్యాగు బరువెక్కింది, ఎందుకో వాడికి తెలియదు. ఇంట్లో అమ్మ బ్యాగు తెరిచింది. అమ్మ ఎవరి వైపు చూస్తుంది, నాయనమ్మ తన చిన్నకొడుకుని వెనకేసుకొస్తుందా, నాన్న తమ్ముణ్ణి ఏమంటాడు? మీ పాత్రలన్నీ ఒక్కసారిగా నిద్రలేస్తాయి. అమ్మ పాత్ర ముఖ్యంగా. ఇప్పటికైతే ఆమె కాఫీ ఇవ్వడం తప్ప ఏమీ చేయడం లేదు.

పాటల సంగతి త్వరగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ముప్ఫై సెకన్లలోపు వాడితే ఉచితం అనే మాట నమ్మకండి, అలాంటి నియమం లేదు. మన చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు విడుదలైన తర్వాత అరవై ఏళ్లు ఉంటుంది, అంటే 1995 పాటకు 2055 దాకా. సాహిత్యం, బాణీల మీద హక్కు వాటిని సృష్టించినవారు పోయిన తర్వాత కూడా అరవై ఏళ్లు. పాత్ర కూనిరాగం తీసినా, మీరు కొత్తగా పాడించి పెట్టినా అనుమతి కావాల్సిందే. అది కూడా ఎక్కడ చూపిస్తారు, ఎన్నేళ్లకి అన్నది ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోండి. ‘వండర్ ఇయర్స్’ దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. ఆనాటి పాటలు వందల్లో వాడారు, టైటిల్ పాట బీటిల్స్‌ది, జో కాకర్ పాడింది. టీవీ ప్రసారానికి తీసుకున్న అనుమతులు తర్వాత వచ్చిన డీవీడీలకు చాలలేదు. మొత్తం సిరీస్ డీవీడీలుగా రావడానికి 2014 దాకా పట్టింది. మధ్యలో నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టినప్పుడు టైటిల్ పాటనే వేరేవాళ్లు పాడినదానితో మార్చేశారు. అది విన్న పాత అభిమానులకు ఎలా ఉంటుందో ఊహించండి. మీ బడ్జెట్‌కి నా సలహా, ఎనిమిది ఎపిసోడ్లకు కలిపి ఒక్క పాట కొనండి. దాన్ని ఒకే చోట, అవసరమైన చోట వాడండి. మిగతా చోట్ల పక్కింటి రేడియోలో మాటలు అర్థంకాని దూరపు చప్పుడు మీ సంగీత దర్శకుడి చేతే చేయించుకోవచ్చు.

ఇంకొకటి ఎవరు చూస్తారన్నారు. మీరన్న ఈటీవీ విన్ సిరీస్ ‘#90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ 2024 జనవరిలో వచ్చింది, ఆదిత్య హాసన్ తీశారు. అందులో శివాజీ వేసిన లెక్కల మాస్టారి పాత్రలో ఎంతమంది తమ నాన్నని చూసుకున్నారో మీకు తెలుసు. అంతకుముందు 2018లో హిందీలో ‘యే మేరీ ఫ్యామిలీ’ వచ్చింది, 1998 వేసవి, జైపూర్, అమ్మంటే పడని ఒక కుర్రాడు. రెండూ ఆ దశాబ్దపు కథలే, రెండిట్లో ఇల్లు వేరు, గొడవ వేరు. అమెరికాలో 2021లో ‘వండర్ ఇయర్స్’నే మళ్లీ తీశారు, అదే 1968, కానీ అలబామాలో మాంట్‌గోమరీ, నల్లజాతి కుటుంబం. ఏడు అదే అయినా అది వేరే కథ అయిపోయింది. కోనసీమ 1996 నాకు తెలిసినంతవరకు ఇంకా ఎవరూ చెప్పలేదు. భయపడకండి.

ఇప్పుడు అసలు విషయం. మీ స్క్రిప్టు చదువుతున్నంతసేపూ నేను ఎదురుచూసింది దీని కోసమే. కథ 1996లో, అమలాపురంలో, వేసవిలో మొదలై సంక్రాంతికి ముగుస్తుంది. మధ్యలో నవంబరు 6 రాత్రి లేదు. దీపావళికి కొద్దిరోజుల ముందు ఆ తుపాను కోనసీమ మీద పడి వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆ ఏడాది ఆ ఊళ్లో ఉన్న ఏ ఇంట్లోనైనా మొదట గుర్తొచ్చేది అదే. అమలాపురం వాళ్లు మీ సిరీస్ చూస్తూ దాని కోసం ఎదురుచూస్తారు, అది రాకపోతే మిగతా దేన్నీ నమ్మరు. కామెడీ కాబట్టి వదిలేశానని మీరు రాశారు. ‘వండర్ ఇయర్స్’ కామెడీయే, అది వియత్నాం మరణంతో మొదలైంది.

మీకు కావలసిన వస్తువు కూడా మీ కథలోనే ఉంది, మీరు గమనించలేదు. మూడో ఎపిసోడ్లో నాయనమ్మ పుట్టింటి నుంచి వచ్చిన నలభై కొబ్బరిచెట్లు ఉన్నాయి. దింపు రోజున, అంటే కాయలు దించే రోజున, ఆమె అరుగు మీద కూర్చుని కాయలు లెక్కపెట్టే సీను మీ స్క్రిప్టులోకెల్లా మంచి సీను. అక్క డిగ్రీ ఫీజు ఆ దింపు డబ్బుల నుంచే రావాలని ఒక్క డైలాగుతో అక్కడే నాటండి. అప్పుడు ఏడో ఎపిసోడ్ తుపాను రాత్రి. ఇల్లంతా ఒకే గదిలో, దీపం ఆరిపోయి, పెంకులు లేచిపోతున్న చప్పుడు. నాయనమ్మ చేత ఆ చీకట్లో కూడా మాట్లాడించండి, ఆమె నోరు ఊరుకోదు కదా. అక్కడా నవ్వొస్తుంది, అది మనుషులు ధైర్యం కోసం నవ్వే నవ్వు.

ఎనిమిదోది తెల్లవారిన తర్వాత. స్కూలు లేదు, కరెంటు లేదు. తోట నిండా పడిపోయిన చెట్లు, ఎక్కడ చూసినా కాయలు. మీ కుర్రాడికి అది పండగ. ఇంతకాలం లెక్కపెట్టి ఇచ్చిన కొబ్బరిబోండాలు ఇప్పుడు ఎన్ని కావాలంటే అన్ని. వాడు స్నేహితుల్ని పిలుచుకొస్తాడు, పడిన చెట్ల మీద పరిగెత్తుతాడు, కాయలన్నీ కుప్పగా పోసి నాయనమ్మని చేయిపట్టుకుని తీసుకొస్తాడు. ఇన్ని కాయలు ఒక్కరోజులో ఎప్పుడూ దించలేదు కదా అని గర్వంగా చూపిస్తాడు. ఆమె లెక్కపెట్టదు. నాన్న తోట మధ్యలో నిలబడి చెట్లని లెక్కపెడుతుంటాడు, నిలబడి ఉన్నవాటిని.

‘వండర్ ఇయర్స్’ చివరి ఎపిసోడ్లో జులై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవపు ఊరేగింపు జరుగుతుండగా, ఆ గొంతు చెబుతుంది, ఇంకో రెండేళ్లకు నాన్న పోయాడని. ఏడుపు సీను లేదు, ఆస్పత్రి లేదు, ఒక్క వాక్యం. తెర మీద అందరూ ఇంకా నవ్వుతూనే ఉంటారు. మీ వాయిస్ ఓవర్‌కి కూడా ఇక్కడ ఒకే వాక్యం రాయండి. కొత్తగా నాటిన కొబ్బరిమొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లలో అక్క చదువు ఏమైందో, నాన్న సాయంత్రాలు ఎక్కడికి వెళ్లడం మొదలుపెట్టాడో ఆ వాక్యంలో చెప్పండి. మీరు కొన్న ఆ ఒక్క పాట అక్కడ పెట్టొద్దు. గాలి చప్పుడు ఉంచండి, వెనక దూరంగా పిల్లలు బోండాలు కొడుతున్న శబ్దం కూడా.

తిరగరాసిన ఏడు, ఎనిమిది ఎపిసోడ్లు ముందు పంపండి. మొదటిది తర్వాత చూద్దాం.